పేర్లు పెట్టుడు కాదు, పరీక్ష జేపియ్యున్రి

మా కోటగిరి, బోధన్ దిక్కు మనిషికి పేరు పెట్టుడు చానా అల్కటి పని. పొద్దెక్కినంక లేసే కోడలిని సోమరిది అంటరు. ఊకె చిర్రుబుర్రులాడేటోనికి పిస్స లేసిందంటరు. పెండ్లయి నాలుగేండ్లయినా కడుపు పండని ఆడిపిల్లకు పెట్టే పేరు నేను ఇక్కడ రాయను. సదువు ఎక్కని పిలగాడు మొద్దు, క్లాసుల అందరికన్న పొట్టిగున్నోడు బుడ్డోడు. ఒక్కసారి పెడితె చాలు, ఆ పేరు ఆధార్ నంబర్ లెక్క బతుకంత ఎంటబడి వస్తది.

నేను డాక్టర్ను గాను. తొమ్మిదేండ్ల సంది రోజు పొద్దుగాల థైరాయిడ్ గోళి మింగుతున్న మనిషిని. రిపోర్టుల రాసిన ముక్కలేందో అర్థం చేసుకుందామని సదువుకుంట పోయిన. దవఖాన లైన్లల్ల నిలబడ్డప్పుడు పక్కపొంటి వాళ్లను అడుక్కుంట పోయిన. అట్ల తెలిసిన ఒక్క మాట చెప్పాలని ఇది రాస్తున్న. మనం గుణం అనుకునేటియి కొన్ని గుణాలు గావు, గ్రంథుల పని. మెడల ఒక గ్రంథి, మెదడు కింద ఒక గ్రంథి. వాటిని సూడకుండ మనిషికి పేరు పెడితె, ఆ పేరే రోగాన్ని ఏండ్లకేండ్లు దాచిపెడ్తది.

బీపీ గురించి మనోళ్లకు ఎరికే. షుగర్ గురించి అయితె చెప్పే పనే లేదు. ఒకప్పుడు బోధన్ల షుగర్ అంటె నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2015ల ఫ్యాక్టరీకి తాళం పడ్డది, ఇప్పుడు షుగర్ అంటె బీమారే మిగిలింది. థైరాయిడ్ దగ్గరికొచ్చేసరికి "అదేదో ఆడోళ్లు లావయ్యే బీమారి" అని ఒక్క మాట అని ఊకుంటరు. పిట్యూటరీ పేరైతె ఇన్నోళ్లే తక్కువ.

లష్కర్, తూము, నీళ్లు

హైస్కూల్ల జీవశాస్త్రం పుస్తకంల అవటు గ్రంథి, పీయూష గ్రంథి అని సదివినం, పరీక్ష రాసినం, మర్సిపోయినం. అవటు గ్రంథి అంటె థైరాయిడ్. గొంతు ముందట, సీతాకోకచిలుక రెక్కలు ఇప్పినట్టు ఉంటది. పీయూష గ్రంథి అంటె పిట్యూటరీ. మెదడు అడుగున, ముక్కుకు సక్కగ ఎనుక, ఎముకల ఉన్న చిన్న గుంతల శనగగింజంత ఉంటది.

ఈ రెండింటి నడుమ సంబంధం నిజాంసాగర్ కాలువ కింద ఎవుసం జేసేటోళ్లకు చెప్పుడు సులువు. ఒళ్లు అంటె పొలం అనుకోన్రి. థైరాయిడ్ అంటె తూము. దానికెల్లి పారే నీళ్లే టీ3, టీ4 అనే హార్మోన్లు. గుండె ఎంత జోరుగ కొట్టుకోవాలె, తిన్న బువ్వ ఎంత తొందరగ కరగాలె, ఒంట్ల ఎంత వేడి ఉండాలె అన్నది ఆ నీళ్లే సూసుకుంటయి. పిట్యూటరీ అంటె లష్కర్. ఆఖరు మడి ఎండుతుందని తెలిస్తె తూము ఇంకింత లేపుమని ఆర్డర్ ఏస్తది. నీళ్లు ఎక్కువైతె దించుమంటది. ఆ ఆర్డర్ పేరే టీఎస్‌హెచ్.

ఇది అర్థమైతె రిపోర్టు సగం అర్థమైనట్టే. చానామంది టీఎస్‌హెచ్ పెరిగింది అంటె థైరాయిడ్ ఎక్కువైంది అనుకుంటరు. ఉల్టా. లష్కర్ గట్టిగ ఒర్లుతుండు అంటె పొలానికి నీళ్లు అందుతలేవన్నట్టు. టీఎస్‌హెచ్ ఎక్కువుంటె థైరాయిడ్ తక్కువ పని జేస్తున్నది, టీఎస్‌హెచ్ అడుగంటితె ఎక్కువ పని జేస్తున్నది. చాన ల్యాబులల్ల 0.4 నుంచి 4 దాక మామూలు లెక్క. కడుపుతోని ఉన్నోళ్లకు లెక్క యేరే ఉంటది.

ఉప్పుల దాగిన మందు

థైరాయిడ్ హార్మోన్ తయారు గావాలంటె అయోడిన్ గావాలె. పెద్ద మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. డెబ్బయేండ్లు బతికినా మొత్తం కలిపితె నాలుగు గ్రాములు గూడ పట్టదు. కాని ఆ జెరంత దొర్కకపోతె లష్కర్ ఆర్డర్ మీద ఆర్డర్ ఏస్తనే ఉంటడు. తూము దగ్గర సామాను లేక పని సాగదు. ఆర్డర్లు పడీ పడీ గ్రంథి ఉబ్బుతది. అదే గాయిటర్, మన భాషల మెడ గడ్డ.

దీనికి ఉప్పే మందు అని మన దేశంల పెద్దగ తేల్చి చూపినోడు తెలుగోడే. వులిమిరి రామలింగస్వామి. 1921ల శ్రీకాకుళంల పుట్టిండు, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీల సదివిండు. 1950లల్ల హిమాచల్ కాంగ్రా లోయల ఊర్లకూర్లే మెడ గడ్డలతోని ఉండె. ఆయన, ఆయన తోటి డాక్టర్లు కలిసి లోయను మూడు భాగాలు జేసిన్రు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు. 1956ల మొదలైన పని. ఐదారేండ్లకు మల్ల పోయి సూస్తె అయోడిన్ ఉప్పు తిన్న రెండు దిక్కుల గడ్డలు బాగ తగ్గినయి. మామూలు ఉప్పు తిన్న దిక్కు ఎట్లున్నయి అట్లనే ఉన్నయి. తర్వాత ఆ మూడో దిక్కుకు గూడ అయోడిన్ ఉప్పే ఇచ్చిన్రు. ఆ ఊర్లోళ్ల మెడ గడ్డలకు దేవుని శాపం, నీళ్ల దోషం అని అప్పటిదాక ఎన్ని పేర్లు పెట్టినా, చిటికెడు అయోడిన్‌తోనే తగ్గినయి.

1962ల దేశమంతటికి గాయిటర్ కార్యక్రమం వచ్చింది. 2006 మే నుంచి అయోడిన్ లేని ఉప్పు తినేటందుకు అమ్ముడు దేశమంత బంద్. మనిషి చేతికొచ్చే ఉప్పుల కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని రూల్.

మరి మన ఇంట్ల? పచ్చడికి, పసులకు దొడ్డుప్పు సంచులు కొనుడు మనకు అలవాటు. అదే ఉప్పు కూరల పడితె అయోడిన్ ఉండకపోవచ్చు. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉన్నదా సూడున్రి. డబ్బకు మూత పెట్టున్రి, పొయ్యి పక్కకు పెట్టకున్రి. వేడికి, తేమకు అయోడిన్ పోతది. కూర ఉడికినంక ఆఖరుకు ఉప్పు ఏస్తె ఇంకింత మంచిది.

సోమరితనం గాదు

ఉప్పు వచ్చినంక మెడ గడ్డలు తగ్గినయి గని థైరాయిడ్ బీమారి పోలేదు. ఇప్పుడు ఎక్కువగ కనవడేది వేరే రకం. ఒంట్ల రోగాలతోని కొట్లాడే సైన్యమే దారి తప్పి సొంత థైరాయిడ్ మీద పడి దాన్ని తినుకుంట పోతది. 1912ల జపాన్ డాక్టర్ హషిమోతో దీన్ని మొదట రాసిండు కాబట్టి ఆయన పేరే పెట్టిన్రు. మొగోళ్లకన్న ఆడోళ్లకు ఇది ఎన్నో రెట్లు ఎక్కువ వస్తది. ఒకే ఇంట్ల తల్లికి, బిడ్డకు ఉండుడు గూడ కనవడ్తది.

గుర్తులు ఏంది? ఎంత పండుకున్నా అలుపు తీరదు. అందరికి ఉక్కపోస్తుంటె వీళ్లకు సలి పెడ్తది. బరువు పెరుగుతది, మలబద్ధకం, వెంట్రుకలు ఊడుడు, మొఖం ఉబ్బుడు, గొంతు బొంగురు, మతిమరుపు, నెలసరి ఎక్కువగ అవుడు. ఇయ్యన్ని ఒక్కసారి రావు, ఏండ్ల మీద మెల్లమెల్లగ వస్తయి. అందుకే ఇంటోళ్లకు అది రోగం లెక్క కనవడదు, గుణం లెక్క కనవడ్తది. మబ్బుల లేసి నాటుకు పోవాలె, వచ్చి వండాలె, మిగిలిన యాళ్లల బీడీలు చుట్టాలె. అసొంటి ఆడమనిషి నాకు శాతనైతలేదు అంటె, ఆ మాట ఇనేదెవరు?

మందు మాత్రం చానా సస్తా. లెవోథైరాక్సిన్ గోళి రోజుకు రెండు మూడు రూపాయలల్ల అయిపోతది. నియమాలే ముఖ్యం. పొద్దుగాల ఉత్త కడుపున, నీళ్లతోని, చాయ్ తాగే అర్ధగంట నుంచి గంట ముందు మింగాలె. రక్తానికి, ఎముకలకు ఇచ్చే ఐరన్, కాల్షియం గోళీలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలె, లేకుంటె మందు ఒంటికి పట్టదు. డోసు మార్చినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మల్ల పరీక్ష. "రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇగ బంద్ జేస్త" అనే మాట నేను లైన్లల్ల మస్తుసార్లు ఇన్న. మందు పడుతున్నది కాబట్టే నార్మల్ వచ్చింది. డాక్టర్ను అడగకుండ బంద్ జేస్తె కొన్ని నెలలల్ల మల్ల మొదటికే వస్తది. వాట్సాప్‌ల తిరిగే "వారంల థైరాయిడ్ మాయం" కషాయాలను నమ్మి గోళి ఇడువకున్రి.

మొద్దు గాదు

అన్నిటికన్న నా కడుపు మండేది పసిపోరల ముచ్చట. కొందరు పిల్లలు పుట్టుకతోనే థైరాయిడ్ లేకుండనో, పనిజేయనిదానితోనో పుడ్తరు. మన దేశంల దగ్గర దగ్గర వెయ్యి మందిల ఒక్కరు. పుట్టినప్పుడు ఎక్కువమంది మంచిగనే కనవడ్తరు. పచ్చకామెర్లు తొందరగ తగ్గకపోవుడు, నాలుక పెద్దగుండుడు, బొడ్డు ఉబ్బుడు, పాలు సరిగ తాగకుండ ఊకె పండుకునుడు అసొంటి గుర్తులు మెల్లగ వస్తయి. "మా పిల్ల ఏడువనే ఏడువది, బంగారం" అని తల్లి మురిసిపోతది. ఆలోపు మెదడు ఎదిగే కాలం దాటిపోతది. ఆ పోయిన తెలివి మల్ల ఎన్ని గోళీలు మింగినా తిరిగి రాదు.

అదే పుట్టిన రెండు వారాలల్ల కనిపెట్టి గోళి మొదలువెడ్తె, ఆ పిల్ల అందరు పిల్లల లెక్కనే సదువుకుంటది. కనిపెట్టుడు ఎట్ల? మడిమ మీద సూది గుచ్చి రెండు మూడు చుక్కల రక్తం తీసి సూసుడే. కెనడాల క్యూబెక్ రాష్ట్రం 1974లనే పుట్టిన ప్రతి పిల్లకు ఈ పరీక్ష మొదలువెట్టింది. కేరళ సర్కారు దవఖానలల్ల గూడ జేస్తున్నరు. మీ ఇంట్ల కానుపు అయితె, మూడో రోజో నాలుగో రోజో, ఇంటికి పంపే ముందు "థైరాయిడ్ సూసిన్రా" అని నోరు తెరిచి అడుగున్రి.

కడుపుల ఉన్నప్పుడు గూడ అంతే. మొదటి మూడు నాలుగు నెలలు పిండం తల్లి థైరాయిడ్ మీదనే బతుకుతది. అందుకె నెల తప్పిందని తెలిసిన మొదటి చూపుకే టీఎస్‌హెచ్ గూడ సూపియ్యాలె. గోళి మింగే ఆడబిడ్డ కడుపుతోని ఉన్నప్పుడు బంద్ జేయొద్దు. డోసు పెంచాల్సి వస్తది, వెంటనే డాక్టర్కు చెప్పాలె.

పిస్స గాదు, ప్రతి గడ్డ క్యాన్సర్ గాదు

ఇంకో దిక్కు థైరాయిడ్ ఎక్కువ పని జేసుడు. మస్తు తింటరు, అయినా సన్నబడ్తరు. గుండె దడదడ, చేతులు వణుకుడు, చెమటలు, నిద్ర లేకపోవుడు, కోపం. కొందరికి కండ్లు గుడ్లు బయటికొచ్చినట్టు అయితయి. అప్పుడు ఇంటోళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిపిస్తరు. దీనికి కార్బిమజోల్ అసొంటి గోళీలున్నయి, రేడియో అయోడిన్ ఉన్నది, ఆపరేషన్ ఉన్నది. కార్బిమజోల్ మింగేటోళ్లకు జరం, గొంతు నొప్పి వస్తె వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలె. రక్తంల తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంటది.

మెడల గడ్డ ఉన్నదా అని ఇంట్లనే సూసుకోవచ్చు. అద్దం ముందట నిలబడి, గదుమ జెర పైకెత్తి, ఒక గుక్క నీళ్లు మింగున్రి. మింగినప్పుడు గొంతు ముందట ఏదన్న ఉబ్బు పైకి కిందికి కదిలితె డాక్టర్కు సూపియ్యాలె. భయపడకున్రి. థైరాయిడ్ గడ్డలల్ల తొంభై శాతం కన్న ఎక్కువ క్యాన్సర్ గావు. స్కానింగ్, అవసరమైతె సన్న సూదితోని జెర ముక్క తీసి సూస్తరు. క్యాన్సర్ అని తేలినా, అందుల ఎక్కువ వచ్చే రకం మెల్లగ పెరిగేదే, ఆపరేషన్‌తోని చానామంది మంచిగయితరు. గడ్డ జల్ది పెరిగితె, గొంతు మారితె, మింగుడు కష్టమైతె మాత్రం ఒక్కరోజు గూడ ఆగొద్దు.

ఇట్లని ఏ గుర్తు లేకుండ ప్యాకేజీ పేరుతోని మెడ స్కానింగులు జేపిచ్చుకునుడు గూడ సరిగాదు. దక్షిణ కొరియాల అట్లనే అందరికి స్కానింగులు జేసిన్రు. 1993 నుంచి 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయినయి. సచ్చేటోళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటె ఎన్నటికి హాని జేయని చిన్న గడ్డలకు గూడ మందికి మెడలు కోసిన్రన్నట్టు. గుర్తు ఉంటె పరీక్ష, లేకుంటె ఊరుకునుడు.

ఖలీ, మెస్సి, మన ఊరి పోరగాడు

ఇగ లష్కర్ దిక్కు వద్దాం. పిట్యూటరీ థైరాయిడ్ ఒక్కదానికే గాదు, ఎత్తు పెరుగుడుకు, పాలు పడుడుకు, నెలసరికి, మొగతనానికి, ఒత్తిడిని తట్టుకునుడుకు గూడ ఆర్డర్లు ఇస్తది. దాంట్ల గడ్డ లేస్తె ఏ ఆర్డర్ చెడితె ఆ గుర్తు కనవడ్తది.

కుస్తీల ఖలీని ఎరుగనోళ్లు ఎవరు? ఆయన ఆ భారీ ఒడ్డుపొడుగు వెనుక ఉన్నది పిట్యూటరీ గడ్డ. 2012ల అమెరికాల ఆపరేషన్ జేసి తీసిన్రు. చిన్నప్పుడు ఎదుగుదల హార్మోన్ ఎక్కువైతె మనిషి తాడిచెట్టంత అయితడు. ఎముకలు ఎదుగుడు ఆగినంక ఎక్కువైతె ఎత్తు పెరగదు గని చేతులు, పాదాలు, దవడ, ముక్కు పెద్దగయితయి. ఉంగరం పట్టదు, చెప్పుల సైజు మారుతది, షుగర్, బీపీ వస్తయి. ఉల్టాగ ఆ హార్మోన్ తక్కువైన పిలగాడు లియోనెల్ మెస్సి. చిన్నప్పుడు ఎదుగుదల ఆగిపోతె రోజు సూదులు ఏసిన్రు. తర్వాత ఏమైండో లోకమంత సూసింది. మీ తమ్ముడు ఏడాది, రెండేండ్ల సంది ఎత్తు పెరుగుతలేడంటె బుడ్డోడు అని నవ్వకున్రి. పిల్లల డాక్టర్కు సూపియ్యున్రి. ఎముకలు ముదిరినంక ఆ సూదులు గూడ పనిజేయవు.

పిట్యూటరీల హార్మోన్ ఎక్కువ జేసే గడ్డలల్ల అన్నిటికన్న ఎక్కువ కనవడేది ప్రొలాక్టిన్ గడ్డ. కాన్పు లేకుండనే రొమ్ములల్ల పాలు వస్తయి, నెలసరి ఆగుతది, పిల్లలు గారు. ఎవ్వలికి చెప్పుకోలేక ఆ పిల్ల లోపల్లోపల కుములుతది. మొగోళ్లకు గూడ వస్తది. కోరిక తగ్గుతది, తలనొప్పి వస్తది, కండ్ల చూపు తగ్గుతది. ఈ గడ్డకు ఎక్కువసార్లు కోతే అవసరం లేదు. కాబెర్గోలిన్ అనే గోళి వారానికి ఒకటి రెండుసార్లు మింగితె గడ్డ కుంగిపోతది, చానామందికి పిల్లలు గూడ అయితరు. అమాసకో పున్నానికో గుళ్ల చుట్టు తిప్పేముందు, ఇద్దరి రక్తం పరీక్ష జేపియ్యున్రి. పిల్లలు గాకుంటె ఆడిపిల్లదే తప్పు అనే తీర్పుకు శాస్త్రంల జాగ లేదు.

గడ్డ పెద్దగయితె పైనున్న కంటి నరాల మీద ఒత్తిడి పడ్తది. సూటిగ మంచిగనే కనవడ్తది, పక్కలు కనవడవు. బండి మీద పోయేటప్పుడు పక్కపొంటి ట్రాక్టర్ వచ్చిందాక తెలువకపోతె, అద్దాల దుకాణంతోనే ఆగకుండ కండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె. మెదడుల గడ్డ అనంగనే బతుకు అయిపోయినట్టు గాదు. పిట్యూటరీ గడ్డలు దాదాపు అన్ని క్యాన్సర్ గానియే. ఆపరేషన్ అవసరమైతె ఎక్కువగ ముక్కులకెల్లే జేస్తరు, నెత్తి కోయరు.

ఇంకొకటి మన ఊర్లకు బాగ పట్టింది. మొఖం గుండ్రంగ ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులు కాళ్లు సన్నబడి, పొట్ట మీద ఎర్రటి చారలు వస్తయి. పిట్యూటరీ గడ్డతోని గూడ ఇట్లయితది. కాని ఎక్కువసార్లు కారణం స్టెరాయిడ్ మందులు. నొప్పులకు తెల్లారేసరికి లేసి కూసుండబెట్టే సూది, మొఖం నిండుగ జేసే గోళి. పేరు చెప్పకుండ ఇచ్చే మందు మింగకున్రి. ఇంకో మాట, నెలలకొద్ది స్టెరాయిడ్ వాడినోళ్లు ఒక్కసారి బంద్ జేయొద్దు, ప్రాణం మీదికొస్తది. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గియ్యాలె.

కాన్పుల రక్తం మస్తు పోతె గూడ పిట్యూటరీ దెబ్బతింటది. తర్వాత పాలు పడవు, నెలసరి మల్ల రాదు, ఏండ్లకొద్ది నీరసం, ఒంట్ల ఉప్పు పడిపోయి దవఖానల చేరుడు. "కాన్పు అయినప్పటి సంది కోలుకోలేదు" అనే అమ్మలు ప్రతి వాడల ఉంటరు. వాళ్లల్ల కొందరికి ఇది ఉండొచ్చు.

టీఎస్‌హెచ్ ఒక్కటే సరిపోనప్పుడు

ఈడ ఒక మెలిక ఉన్నది. లష్కరే పండుకుంటె ఆర్డర్ రాదు. అప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగనో తక్కువగనో ఉంటది, టీ4 గూడ తక్కువుంటది. టీఎస్‌హెచ్ ఒక్కటే సూసినోళ్లు "థైరాయిడ్ ఏం లేదు పో" అంటరు. అందుకె నీరసంతోపాటు నెలసరి ఆగుడు, చూపు తగ్గుడు, తలనొప్పి ఉంటె ఫ్రీ టీ4 గూడ జేయుమని అడగాలె.

ఉల్టా మెలిక గూడ ఉన్నది. థైరాయిడ్ తక్కువున్నా ఏండ్లకొద్ది మందు లేకుంటె, లష్కర్ ఒర్లి ఒర్లి తనే ఉబ్బుతడు. స్కానింగ్‌ల అది గడ్డ లెక్కనే కనవడ్తది. ప్రొలాక్టిన్ గూడ పెరుగుతది. మూడు రూపాయల థైరాయిడ్ గోళీతోనే ఆ ఉబ్బు దిగిపోతది. మెదడుల గడ్డ అనంగనే పొలం అమ్మకానికి పెట్టకముందు థైరాయిడ్ సూసిన్రా అని అడుగున్రి.

ఏడికి పోవాలె, ఏం అడగాలె

మొదలు మన సర్కారు దవఖాన. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం 2021ల నిజామాబాద్‌ల గూడ పెట్టిన్రు. మన దగ్గర రక్తం తీసి అక్కడికి పంపుతరు, థైరాయిడ్ పరీక్షకు పైసలు లేవు. చిక్కు కేసులకు హైదరాబాద్‌ల ఉస్మానియా, నిమ్స్‌లల్ల గ్రంథుల డాక్టర్లుంటరు. వాళ్లను ఎండోక్రైనాలజిస్టులు అంటరు. థైరాయిడ్ క్యాన్సర్ అయితె ఎంఎన్‌జే దవఖాన ఉన్నది. ఆపరేషన్ అంటె అప్పు జేసేముందు, ఆరోగ్యశ్రీల వస్తదా అని ఆరోగ్యమిత్రను అడుగున్రి.

సర్కారును అడగాల్సినియి గూడ ఉన్నయి. సర్కారు కాన్పు అయిన ప్రతి పసిపిల్లకు మడిమ చుక్క పరీక్ష. కడుపుతోని ఉన్న ప్రతి తల్లికి మొదటి చూపుకే టీఎస్‌హెచ్. మండలంల థైరాయిడ్ గోళీలు ఎప్పటికి నిండుకోకుండ సూసుడు. బీపీ, షుగర్‌లకు జేస్తున్నప్పుడు దీనికెందుకు జేయరు? కేరళల అయ్యేది మన కోటగిరిల ఎందుకు గాదు? గ్రామసభల, ఎమ్మెల్యే వచ్చినప్పుడు సీసీ రోడ్డుతోపాటు ఇది గూడ అడుగుదం.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, చేతుల ఫోన్ ఉన్నది మీకే, రిపోర్టు సదివేది మీరే. ఈ వారం ఇంట్ల ఉప్పు ప్యాకెట్ సూడున్రి. అమ్మను, వదినను ఒక గుక్క నీళ్లు మింగమని మెడ దిక్కు సూడున్రి. శాతనైతలేదు అనే మనిషిని బండి మీద కూసుండబెట్టుకొని దవఖానకు తోల్కపోన్రి. రిపోర్టు వచ్చిందాక ఎవ్వలికి పేరు పెట్టకున్రి.